యుద్ధం అయిపోయిందని ఎవరు చెప్పాలి?

మార్చిలో మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చాడు. నయాగరా, న్యూయార్క్ లాంటివన్నీ కిందటి ట్రిప్పులోనే చూసేశాడు కాబట్టి ఈసారి వాణ్ణి ఇక్కడ నార్త్ కరోలినాలోనే ఉన్న, అమెరికా అంతర్యుద్ధం నాటి బెంటన్‌విల్ యుద్ధభూమికి తీసుకెళ్లాను. రాలీ నుంచి కార్లో గంట లోపే. పొలాలు, పైన్ చెట్లు, అక్కడక్కడా బోర్డులు, రెండంతస్తుల హార్పర్ ఇల్లు. 1865 మార్చిలో ఆ ఇంటి కింది గదుల్లో సర్జన్లు కాళ్లూ చేతులూ కోస్తుంటే, ఇంటివాళ్లు పిల్లల్ని పెట్టుకుని పై అంతస్తులో ఉన్నారు. ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మూడు రోజులూ పిల్లల్ని కిందికి రాకుండా ఎలా ఆపారో నాకు ఊహకందదు.

మావాడు బోర్డులన్నీ ఓపిగ్గా చదివాడు. చదివి, "ఇరవై వేల మంది అరవై వేల మంది మీదికి వెళ్లడమంటే మాటలు కాదు బావా. ఓడిపోతామని తెలిసీ నిలబడ్డారు చూడు, అదీ మగతనం" అన్నాడు. అక్కడితో ఆగకుండా పల్నాటి వీరుల్నీ, బొబ్బిలినీ కూడా లాక్కొచ్చాడు. తిరుగుదారంతా కార్లో వాదించుకున్నాం. నేను అసలు సంగతికి వచ్చేసరికి వాడు జెట్‌లాగ్‌తో నిద్రపోయాడు. అందుకే ఆ మిగిలిన వాదన ఇక్కడ రాస్తున్నాను.

ఓడిపోయామని తెలిశాక ఇంకో యుద్ధం చెయ్యడానికి పెద్ద గుండె అక్కర్లేదు. పై నుంచి ఆర్డరు వస్తుంది, కింద సైనికులు ఉంటారు, అలవాటు ఎటూ ఉంది. ఆ తెలిసిన సంగతిని పైవాడి మొహం మీద చెప్పి, సైన్యాన్ని ఆపడానికి కావాలి గుండె. దక్షిణాది జనరల్ జోసెఫ్ జాన్‌స్టన్ ఆ పని చేశాడు. కాకపోతే బెంటన్‌విల్ అయిపోయిన ఐదు వారాలకి చేశాడు. నా గొడవంతా ఆ ఐదు వారాల గురించే.

బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ ఉత్తరాదికీ నాలుగేళ్లు సాగిన ఆ అంతర్యుద్ధం పూర్వాపరాలు మళ్లీ చెప్పను. ఉత్తరాది జనరల్ షెర్మన్ జార్జియాలో అట్లాంటా నుంచి సవానా దాకా సముద్రం వైపు నడిచిన నడక కూడా అందరికీ తెలిసిందే. నాకు కావలసింది దాని తర్వాతి నడక. అది మేము ఇప్పుడు ఉంటున్న ఊళ్ల మీదుగానే సాగింది.

బురదలో దుంగల రోడ్డు

1864 డిసెంబరులో సవానా చేతికొచ్చాక, షెర్మన్ సైన్యాన్ని ఓడలెక్కించి వర్జీనియా తెప్పించుకోవాలని ఉత్తరాది సైన్యాధిపతి గ్రాంట్ అనుకున్నాడు. ఓడలెందుకు, కరోలినాల మీదుగా నడిచే వస్తానని షెర్మన్ ఒప్పించాడు. ఫిబ్రవరి మొదట్లో 60 వేల మందితో, రెండున్నర వేల బండ్లతో బయల్దేరాడు. ఎదురుగా ఉన్నది శత్రువు కన్నా ఎక్కువగా నీళ్లు. సాల్కహాచీ, ఎడిస్టో, సలూడా, కటాబా, పీడీ, కేప్ ఫియర్, ఒకదాని తర్వాత ఒకటి నదులు, వాటి చుట్టూ చిత్తడి అడవులు, పైన ఎడతెగని వానలు.

వాళ్లు చేసిందేమిటంటే, పక్కనున్న చెట్లు నరికి దుంగల్ని రోడ్డుకి అడ్డంగా, ఒకదాన్ని ఆనుకుని ఒకటి పేర్చారు. బండ్లు పోయేకొద్దీ ఆ వరస బురదలోకి దిగిపోతే దాని మీదే ఇంకో వరస. మైళ్లకు మైళ్లు ఇదే పని. కొన్నిచోట్ల నడుం లోతు చలినీళ్లలో తుపాకులు నెత్తిన పెట్టుకుని నడిచారు. దారులు వేసిన వాళ్లలో పారలూ గొడ్డళ్లూ పట్టిన నల్లజాతి కూలీ దళాలు చాలా ఉన్నాయి. సవానా నుంచి గోల్డ్స్‌బరో దాకా షెర్మన్ లెక్క ప్రకారం 425 మైళ్లు, 50 రోజులు. ఆ చిత్తడిలోంచి చలికాలంలో సైన్యం రావడం అసాధ్యమని జాన్‌స్టన్‌కి ఇంజినీర్లు చెప్పారట. వాళ్లు రోజుకి పన్నెండు మైళ్ల చొప్పున రోడ్డు వేసుకుంటూ వస్తున్నారని విన్నప్పుడు, జూలియస్ సీజర్ తర్వాత ఇలాంటి సైన్యం పుట్టలేదని అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ఈ నడకలో సిగ్గుపడాల్సినవీ ఉన్నాయి. ఫిబ్రవరి 17 రాత్రి సౌత్ కరోలినా రాజధాని కొలంబియా తగలబడింది. గాలి వల్లా, రోడ్ల మీద వదిలేసిన పత్తి బేళ్ల వల్లా, తాగిన సైనికుల వల్లా అని నూటయాభై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. నా మటుకు నాకు మూడూ నిజమే అనిపిస్తుంది. యుద్ధానికి బీజం వేసిన రాష్ట్రం అని సౌత్ కరోలినా మీద సైనికులకి ఉన్న కసి ఎవరూ దాచుకోలేదు. నార్త్ కరోలినా సరిహద్దు దాటాక ఇళ్లు తగలబెట్టడం తగ్గింది గానీ, జిగురు కోసం గాట్లు పెట్టిన పైన్ అడవులకి నిప్పంటించడం మానలేదు. నల్లటి పొగలో సైన్యం నడిచింది.

"ఇప్పటికే ఆలస్యమైంది"

ఇప్పుడు అవతలి పక్షానికి వద్దాం. జాన్‌స్టన్ అప్పటికి పదవి లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. దక్షిణాది ప్రెసిడెంట్ జెఫర్సన్ డేవిస్‌కీ ఆయనకీ ఉప్పూ నిప్పూ. అట్లాంటా ముందు అర్ధాంతరంగా తీసేసిందీ డేవిసే. 1865 ఫిబ్రవరి ఆఖర్లో, దొరికిన బలగాలన్నీ పోగు చేసి షెర్మన్‌ని వెనక్కి తరమమని దక్షిణాది సర్వసైన్యాధిపతి లీ నుంచి ఆర్డరు వచ్చింది. జాన్‌స్టన్ ఇచ్చిన జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే: షెర్మన్‌ని తరిమేంత సైన్యాన్ని పోగు చెయ్యడానికి ఇప్పటికే ఆలస్యమైంది.

ఇది ఓడిపోయాక రాసుకున్న మాట కాదు, పదవి తీసుకునే రోజుల్లోనే పంపిన టెలిగ్రాం. ఆ తర్వాత తొమ్మిదేళ్లకి రాసిన జ్ఞాపకాల్లో ఇంకా స్పష్టంగా అన్నాడు. తెలివిగల దక్షిణాది వాడెవడికైనా అప్పటికే ఆశ లేదని తెలిసిపోయి ఉండాలని, మర్యాదైన సంధి షరతులు దక్కించుకోవడం తప్ప తనకి వేరే ఉద్దేశం లేదని.

సరే, ఒప్పుకుందాం. మరి మార్చి 19న బెంటన్‌విల్‌లో ఏం చేస్తున్నట్టు?

యుద్ధవిద్య తెలిసినవాళ్లు దీన్ని మంచి ఎత్తుగడే అంటారు. షెర్మన్ సైన్యం రెండు పాయలుగా నడుస్తోంది. ఎడమ పాయ విడిగా దొరికింది. దాన్ని కొట్టి, కుడి పాయ వచ్చేలోగా తప్పుకోవాలి. మొదటి రోజు మధ్యాహ్నం దాకా పని జరిగింది కూడా. సాయంత్రానికి ఉత్తరాది వరస నిలదొక్కుకుంది. మర్నాడు కుడి పాయ వచ్చేసింది. అప్పుడైనా వెళ్లిపోవాలా? వెనక మిల్ క్రీక్, దాని మీద ఒకే వంతెన, ఎదురుగా మూడు రెట్ల బలగం. అయినా ఇంకో రెండు రోజులు అక్కడే ఉన్నాడు. క్షతగాత్రుల్ని తరలించడానికి అన్నాడు. అందులో కొంత నిజం ఉండి ఉంటుంది. మూడు రోజుల్లో దక్షిణాది నష్టం 2,606 మంది, ఉత్తరాదికి 1,527. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు అంతా కలిపి.

ఈ అంకెల్లో ఒకటి విలీ హార్డీ. దక్షిణాది జనరల్ హార్డీ కొడుకు, పదహారేళ్లు. టెక్సస్ ఆశ్విక దళంలో చేరతానని ఎన్నాళ్లుగానో గోల పెడుతుంటే, చివరికి 21వ తేదీన తండ్రి సరేనన్నాడు. కొన్ని గంటల్లోనే, అదే తండ్రి ఆర్డరు వేసిన ఎదురుదాడిలో గుండు తగిలింది. కొద్ది రోజులకి హిల్స్‌బరోలో చనిపోయాడు. అక్కడి సెయింట్ మాథ్యూస్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. నేను చూశాను. అలాంటి పిల్లలు ఆ పొలాల్లో ఇంకా చాలామంది ఉన్నారు. నార్త్ కరోలినా జూనియర్ రిజర్వ్స్ అని పదిహేడేళ్ల కుర్రాళ్ల రెజిమెంట్లే ఉండేవి. విత్తనపు గింజలు దంచుకు తినడం అని వాళ్ల గురించి అప్పట్లోనే అనుకునేవాళ్లు. రైతు కుటుంబంలో పుట్టినవాడికి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

అదే రోజు అవతల పక్క జరిగింది కూడా చెప్పాలి. మోవర్ అనే ఉత్తరాది జనరల్ చెప్పాపెట్టకుండా చొచ్చుకుపోయి దాదాపు ఆ వంతెన దాకా వెళ్లాడు. ఇంకాస్త బలగం పంపితే జాన్‌స్టన్ సైన్యం అక్కడే చిక్కిపోయేది. షెర్మన్ అతన్ని వెనక్కి పిలిచేశాడు. అది పొరపాటు అని తర్వాత తనే రాసుకున్నాడు, విమర్శకులూ అదే పాట పాడతారు. నాకు మాత్రం ఆ మూడు రోజుల్లో జరిగిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది. గోల్డ్స్‌బరోలో ఇంకో సైన్యం కలవబోతోంది. పట్టుకోకపోయినా ఎటూ పోలేని వాణ్ణి పట్టుకోవడానికి ఇంకో వెయ్యి మందిని ఎందుకు చంపుకోవాలి?

23వ తేదీన జాన్‌స్టన్ లీకి టెలిగ్రాం కొట్టాడు. నా దగ్గరున్న కొద్ది బలంతో షెర్మన్‌ని ఆపలేను, చికాకు పెట్టగలను అంతే, అని. ఫిబ్రవరిలో చెప్పిందే మళ్లీ చెప్పాడు. మధ్యలో 2,606 మంది.

బెంటన్‌విల్ వల్ల బేరానికి బలం వచ్చిందా?

మా బావమరిది మెలకువగా ఉన్నంతసేపూ అన్నది ఇదే. "పోరాడితేనే కదా బావా రేటు పెరుగుతుంది. ఊరికే చేతులెత్తేసేవాడికి మంచి షరతులు ఎవడిస్తాడు?" రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడులెండి. అయినా వాదన బలమైనదే. కొట్టిపారేయడానికి లేదు.

కానీ జరిగినదాన్ని చూస్తే నిలవదు. మార్చి ఆఖర్లో షెర్మన్ వర్జీనియాలోని సిటీ పాయింట్ వెళ్లి లింకన్‌ని కలిశాడు. ఆ సైనికుల్ని ఇళ్లకీ పొలాలకీ పంపెయ్యడమే లింకన్‌కి కావాలి. షెర్మన్ ఏప్రిల్‌లో అంత ఉదారంగా షరతులు ఇవ్వడానికి ఆ సంభాషణ ఒక కారణం. రెండోది భయం. జాన్‌స్టన్ సైన్యం చెల్లాచెదురై కొండల్లోకి, అడవుల్లోకి పోయి గెరిల్లా ముఠాలుగా మారుతుందేమోనని. అంటే జాన్‌స్టన్ చేతిలో ఉన్న బలం ఆయన యుద్ధంలోకి దింపిన సైన్యం కాదు, దింపకుండా చెదరకుండా పట్టుకున్న సైన్యం. ఆ సైన్యంలోంచి 2,606 మందిని తీసేసింది బెంటన్‌విల్. పైగా చివరికి సంతకమైన షరతులు వర్జీనియాలోని అపొమాటక్స్‌లో లొంగిపోయినప్పుడు లీకి ఇచ్చినవే ఇంచుమించు. పెరిగిన రేటు ఎక్కడ?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఫిబ్రవరిలో లొంగిపోతానంటే జాన్‌స్టన్‌కి ఆ అధికారం లేదు. లీ ఇంకా నిలబడే ఉన్నాడు. ఫిబ్రవరి 3న హాంప్టన్ రోడ్స్ దగ్గర ఓడలో లింకన్‌తో మాట్లాడిన దక్షిణాది ప్రతినిధులే ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మాది వేరే దేశం అన్న పట్టు డేవిస్ వదల్లేదు మరి. జాన్‌స్టన్ లొంగుతానంటే ఇంకెవరో ఒకర్ని పెట్టేవాళ్లు. నిజమే. అయితే లొంగిపోవడానికీ, వెళ్లి దాడి చెయ్యడానికీ మధ్య చాలా ఉంది. వెనక్కి తగ్గుతూ పోవడం ఆయనకి కొత్తా కాదు. అట్లాంటా ముందు రెండు నెలలు చేసింది అదే, పదవి పోయిందీ అందుకే. బహుశా అందుకేనేమో, ఈసారి ఒక్క దెబ్బైనా కొట్టానని చూపించుకోవాలనిపించింది. ఇది నా అనుమానమే. ఆయన ఎక్కడా ఇలా అనలేదు.

గుడికి వెళ్లే దారి

ఏప్రిల్ 9న లీ లొంగిపోయాడు. 10న షెర్మన్ గోల్డ్స్‌బరో నుంచి కదిలాడు, 13న రాలీలోకి వచ్చాడు. జాన్‌స్టన్ మనుషులు నార్త్ కరోలినా రైలు మార్గం పట్టుకుని పడమరగా పోయారు. కేరీలో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లందరికీ తెలిసిన చాపెల్ హిల్ రోడ్డుకి పక్కన పోయేది ఆ రైలు మార్గమే. అదే పట్టాల మీద కాస్త ముందుకెళితే మోరిస్‌విల్. ఇక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. 1865 ఏప్రిల్‌లో ఇది ఒక స్టేషను, నాలుగిళ్లు. ఉత్తరాది జనరల్ కిల్‌పాట్రిక్ ఆశ్విక దళం ఇక్కడి రైలు మీద ఫిరంగులు పేల్చింది. క్షతగాత్రులున్న పెట్టెలు తప్పించుకోవడానికి సామాన్ల పెట్టెల్ని విడదీసి వదిలేశారు. లీ లొంగిపోయాడన్న వార్త షెర్మన్ సైనికులకి అప్పటికే తెలుసు. దారి పొడుగునా టోపీలు ఎగరేశారు, తలకిందులుగా దొర్లారు. అయినా ఇక్కడ గుళ్లు పేలాయి.

ఆ రెండు రోజులే గ్రీన్స్‌బరోలో అసలు నాటకం జరిగింది. డేవిస్ తన మంత్రివర్గంతో రైల్లో పారిపోతూ అక్కడ ఆగాడు. జాన్‌స్టన్‌నీ, ఇంకో జనరల్ బ్యూరెగార్డ్‌నీ పిలిపించాడు. అభిప్రాయం అడగలేదట, పారిపోయిన సైనికుల్ని మళ్లీ పోగు చేసి పెద్ద సైన్యం కట్టే ప్లాన్ చెప్పాడట. అంతా అయ్యాక మీరేమంటారని అడిగితే జాన్‌స్టన్ కుండ బద్దలు కొట్టాడు. జనం విసిగిపోయారు, ఓడిపోయామని వాళ్లకి తెలుసు, ఇక పోరాడరు, నా సైన్యం ఎండకి మంచులా కరిగిపోతోంది, ఇంకా యుద్ధం సాగించడం మానవజాతి మీద నేరం అన్నాడు. డేవిస్ చేతిలో ఉన్న కాగితం ముక్కని మడతపెడుతూ, విప్పుతూ, తలెత్తకుండా విన్నాడని అక్కడున్నవాళ్లు రాశారు. మంత్రుల్లో ఒక్క బెంజమిన్ తప్ప అందరూ జాన్‌స్టన్ వైపే.

సైన్యం కరిగిపోయాక ఆపడంలో గొప్పేముంది, వేరే దారి లేదు కదా అని అడగొచ్చు. అడగాలి కూడా. నా జవాబు డేవిస్. అదే గదిలో కూర్చుని, అవే లెక్కలు విని, ఆయన ఆగలేదు. మే 10న జార్జియాలో పట్టుబడే దాకా పోతూనే ఉన్నాడు. టెక్సస్‌లో మే నెల మధ్యలో కూడా ఒక యుద్ధం జరిగింది. వేరే దారి లేకపోవడం ఒకటి, లేదని ఒప్పుకోవడం ఒకటి.

ఏప్రిల్ 17 ఉదయం షెర్మన్ రాలీలో రైలెక్కబోతుంటే టెలిగ్రాఫ్ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చాడు. లింకన్‌ని చంపేశారు. ఎవరికీ చెప్పొద్దని ఆపరేటర్‌ని కట్టడి చేసి, ఆ కాగితం జేబులో పెట్టుకుని షెర్మన్ డరమ్ స్టేషన్‌కి వెళ్లాడు. అక్కడి నుంచి గుర్రాల మీద. హిల్స్‌బరో దారిలో జాన్‌స్టన్ ఎదురయ్యాడు. దగ్గర్లో ఉన్న బెన్నెట్ అనే చిన్న రైతు ఇల్లు అడిగి పుచ్చుకుని, ఇద్దరే గదిలో కూర్చున్నారు. ఆ దంపతులు యుద్ధకాలంలో ఇద్దరు కొడుకుల్నీ అల్లుణ్ణీ పోగొట్టుకున్నవాళ్లు. షెర్మన్ టెలిగ్రాం చూపించాడు. చదువుతుంటే జాన్‌స్టన్ నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టిందని షెర్మన్ రాశాడు. ఆ సాయంత్రం వార్త బయటపడ్డాక రాలీని తగలబెడతామని కదిలిన సైనికుల గుంపుని జనరల్ లోగన్ అడ్డం నిలబడి వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ వారం ఎంత సున్నితంగా ఉందో ఊహించుకోండి.

18న ఒప్పుకున్న షరతుల్ని వాషింగ్టన్ తిరగ్గొట్టింది. గ్రాంట్ స్వయంగా రాలీ వచ్చాడు. అప్పుడు డేవిస్ నుంచి జాన్‌స్టన్‌కి ఆర్డరు: పదాతి దళాన్ని పంపించెయ్, గుర్రాలున్నవాళ్లని తీసుకుని బయటపడు. జాన్‌స్టన్ ఆ ఆర్డరు పాటించలేదు. 26న అదే గదిలో సంతకం పెట్టాడు. రెండు కరోలినాలు, జార్జియా, ఫ్లోరిడాల్లో 89,270 మంది. అపొమాటక్స్ కన్నా చాలా పెద్ద లొంగుబాటు, కానీ యుద్ధం అపొమాటక్స్‌తో అయిపోయిందనే మా పిల్లలకి స్కూల్లో చెబుతారు.

ఇంకో చిన్న ధిక్కారం కూడా ఉంది. డేవిస్ ప్రభుత్వం వెండి నాణేలు కొంత గ్రీన్స్‌బరోలో వదిలి, తర్వాత తిరిగి పంపమంది. జాన్‌స్టన్ పంపలేదు. జనరల్‌కీ జవానుకీ తేడా లేకుండా మనిషికి ఒక డాలరు చిల్లర చొప్పున పంచేశాడు. చాలామందికి ఎన్నో నెలల తర్వాత అందిన జీతం అదే.

పక్కదారి ఒకటి. సంధి మాటలు జరుగుతున్నన్నాళ్లూ డరమ్ స్టేషన్ దగ్గర రెండు సైన్యాల వాళ్లూ ఖాళీగా తిరుగుతూ అక్కడి పొగాకు ఫ్యాక్టరీని దోచుకున్నారు. ఇళ్లకి వెళ్లాక ఆ రుచి మరిచిపోలేక, ఆ పొగాకు కావాలని ఉత్తరాలు రాశారు. డరమ్ పొగాకు సామ్రాజ్యం అలా మొదలైంది. గుంటూరు జిల్లా వాణ్ణి కాబట్టి పొగాకు మాట వస్తే వదల్లేను.

నా లెక్కలో లేనివాళ్లు

ఇదంతా ఆఫీసులో లంచ్ దగ్గర ఒక కొలీగ్‌తో చెప్పాను. ఆమె నల్లజాతి మనిషి, వాళ్ల పూర్వీకులది ఫాయెట్‌విల్ వైపు. శ్రద్ధగా విని, "నువ్వు లెక్కపెడుతున్నది సైనికుల్నే. మావాళ్లకి ఆ నడక ఆగకపోవడమే కావాలి" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. షెర్మన్ సైన్యం ఒక ఊళ్లోకి వచ్చిందంటే ఆ ఊళ్లో బానిసలు ఆ పూటకి విడుదలైనట్టే. వేల మంది మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని సైన్యం వెనకాల నడిచారు. వాళ్లదీ ఒక ఆఖరి నడకే. ఆ సైన్యం వాళ్లని గౌరవంగా చూసిందనీ కాదు. 1864 డిసెంబరులో జార్జియాలో ఎబెనీజర్ క్రీక్ దగ్గర సైన్యం దాటగానే పడవల వంతెన తీసేస్తే, వెనకబడ్డ జనం నీళ్లలోకి దూకి ఎంతోమంది చనిపోయారు. ఫాయెట్‌విల్ నుంచి శరణార్థుల్ని బరువు తగ్గించుకోవడానికి విల్మింగ్టన్ పంపేశారు. అయినా వాళ్లు నడిచారు. వెనక ఉన్నది అంతకన్నా ఘోరం కాబట్టి.

ఆమె ఇంకోటి కూడా గుర్తు చేసింది. నేను మెచ్చుకుంటున్న ఏప్రిల్ 18 నాటి ఉదారమైన షరతుల్లో బానిసత్వం ఊసే లేదు. దక్షిణాది వాళ్ల ఆస్తి హక్కులు కాపాడతామని మాత్రం ఉంది. ఆస్తి అంటే అప్పటిదాకా వాళ్ల లెక్కలో మనుషులు కూడా. వాషింగ్టన్ దాన్ని తిరగ్గొట్టడం సబబే అని ఇప్పుడు అనుకుంటాను. ఇద్దరు అలసిపోయిన జనరల్స్ గదిలో కూర్చుని శాంతి చేసుకుంటే, బయట ఉన్నవాళ్ల సంగతి మర్చిపోవడం తేలిక.

అంటే నా వాదన పోయినట్టేనా? నేనైతే అలా అనుకోను. షెర్మన్ నడక ఆగాలని నేనెప్పుడూ అనలేదు. దానికి అడ్డం పడాల్సిన అవసరం లేదంటున్నాను. బెంటన్‌విల్‌లో జాన్‌స్టన్ అడ్డం పడింది ఎవరి దారికి? ఆ మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ల దారికి కూడా. ఆయన ముందే ఆగి ఉంటే వాళ్లకీ ముందే తెరిపి వచ్చేది. అసలు నాలుగేళ్లు ఆయన పోరాడిందే ఆ మనుషుల్ని ఆస్తిగా ఉంచే ప్రభుత్వం కోసం. గ్రీన్స్‌బరోలో చెప్పిన మంచి మాట ఆ మచ్చని చెరపదు. ఒక మనిషి చేసిన ఒక్క పనిని మెచ్చుకోవడానికి ఆ మనిషిని మొత్తంగా మెచ్చుకోనక్కర్లేదు కదా.

శత్రువు లేని నడక

ఆగడం చేతకాకపోవడం ఓడినవాళ్ల జబ్బే అనుకుంటే పొరపాటు. ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ ఒళ్లు మండేది గెలిచినవాళ్ల దగ్గరే.

ఏప్రిల్ 26తో యుద్ధం వీళ్ల మటుకు అయిపోయింది. సైన్యం రాలీ నుంచి రిచ్‌మండ్ మీదుగా వాషింగ్టన్ నడిచి వెళ్లాలి, అక్కడ పరేడ్. తొందరేం లేదు, నింపాదిగా నడిపించమని చెప్పి షెర్మన్ వేరే పని మీద సముద్ర మార్గాన సవానా వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే ఇటు కోర్ (సైన్యంలో ఒక పెద్ద విభాగం) కమాండర్లు పోటీ పెట్టుకున్నారు. రిచ్‌మండ్‌కి ఎవరు ముందు చేరతారా అని. రోజుకి పాతిక మైళ్లకు పైగా నడిపించిన రోజులున్నాయి. మే నెల మొదటి వారం, ఈ ప్రాంతంలో ఎండ ఎలా ఉంటుందో, ఆ ఉక్క ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి తెలుసు. ఉన్ని బట్టలు, వీపున మూట, భుజాన తుపాకీ. దారి పక్కన పడిపోయారు. కొందరు మళ్లీ లేవలేదు.

బెంటన్‌విల్‌లో చనిపోయినవాడి గురించి కనీసం దేనికోసమో పోయాడని ఇంటికి ఉత్తరం రాయొచ్చు, తప్పో ఒప్పో. వీళ్ల ఇళ్లకి ఏమని రాశారు? ఎదురుగా శత్రువు లేడు, పట్టుకోవాల్సిన నది లేదు, కాల్చాల్సిన వంతెన లేదు. పక్క కోర్ వాళ్ల కన్నా ముందు చేరాలి, అంతే. నాలుగేళ్లు గుళ్లకి దొరకనివాళ్లని పందెం చంపింది. సైనికుల డైరీల్లో, ఉత్తరాల్లో ఈ నడక మీద తిట్లున్నాయి గానీ ఏ కమాండర్‌కీ దీనికి శిక్ష పడలేదు.

మే 24న వాషింగ్టన్‌లో పరేడ్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. ఆరున్నర గంటల సేపు షెర్మన్ సైన్యం కవాతు చేసింది. చిరిగిన బట్టలతో, పల్లెల్లో ఎత్తుకొచ్చిన గాడిదలతో, కోళ్లతో, పారలు భుజాన వేసుకున్న నల్లజాతి కూలీలతో. నల్లజాతి సైనికుల రెజిమెంట్లు మాత్రం ఆ రెండు రోజుల పరేడ్‌లోనూ లేవు. షెర్మన్ వేదికెక్కి యుద్ధమంత్రి స్టాంటన్ చాచిన చెయ్యి పట్టుకోలేదు. తన షరతుల్ని పత్రికల్లో ఉతికి ఆరేసినందుకు. ఆ చెయ్యి గురించి ఇప్పటికీ రాస్తారు. ఎండకి పడిపోయినవాళ్ల గురించి వెతుక్కోవాలి.

జాన్‌స్టన్, షెర్మన్ తర్వాత మంచి స్నేహితులయ్యారు. 1891 ఫిబ్రవరిలో షెర్మన్ శవయాత్రలో ఎనభై నాలుగేళ్ల జాన్‌స్టన్ చలిలో టోపీ తీసి నడిచాడు. వద్దన్నా వినలేదు. ఊపిరితిత్తులకి జబ్బు చేసి నెల తిరిగేసరికి పోయాడు. ఈ కథ అందరికీ ఇష్టం. నాకూ ఇష్టమే గానీ, ఇద్దరు జనరల్స్ ప్రేమగా ఉండడం చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది.

బెంటన్‌విల్ దగ్గర ఒక ప్రైవేటు స్థలంలో జాన్‌స్టన్ విగ్రహం ఉంది. దక్షిణాది సైనికుల వారసుల సంఘం వాళ్లు 2010లో పెట్టించారు. మా బావమరిది దాని ముందు సెల్ఫీ తీసుకున్నాడు కూడా. డరమ్‌లో బెన్నెట్ ఇంటి దగ్గర రెండు స్తంభాల 'ఐక్యత' స్మారకం ఉంది, 1923 నాటిది. ఇల్లు 1921లో కాలిపోతే, అలాంటిదే ఇంకోటి తర్వాత తెచ్చి నిలబెట్టారు. అక్కడ జాన్‌స్టన్ విగ్రహం లేదు. కొత్తగా విగ్రహాలు పెట్టమని నేను అడగను. అందులోనూ ఈయనకి. పెట్టినవాళ్లు మాత్రం, ఆయన ఆర్డరు పాటించిన చోటు ఎంచుకున్నారు. పాటించని చోటు వదిలేశారు.

వాడు వచ్చే వారం ఫోన్ చేసినప్పుడు దీని లింకు పంపిస్తాను. చదవడని తెలుసు. "రేటు పెరిగిందా లేదా అది చెప్పు బావా" అంటాడు. పెరగలేదురా.